మ్యాక్ వాడేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు, జవాబులు

స్టోరేజ్ ఎందుకు నిండింది, యాప్ ఎందుకు తెరుచుకోవట్లేదు, నిన్నటిదాకా పనిచేసిన కమాండ్ ఇవాళ ఏమైంది. ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వీటిలో చాలావాటికి కారణం మ్యాక్‌లోనే ఏదో ఒక స్క్రీన్ మీద కనిపిస్తుంది. క్లీనర్ యాప్ కొనే ముందు, అంతా చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు ఆ స్క్రీన్ ఒక్కసారి చూడమని నా కోరిక. అందుకే వీలైనంతవరకు ఎక్కడ చూడాలో ముందు చెప్పాను, ఏం చేయాలో తర్వాత చెప్పాను.

మెనూల పేర్లు 2022లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ వెంచురా, ఆ తర్వాతి వెర్షన్లవి. అంతకు ముందున్న మ్యాక్‌లలో సిస్టమ్ సెట్టింగ్స్‌కు బదులు సిస్టమ్ ప్రిఫరెన్సెస్ అని ఉంటుంది.

## కొత్తగా మొదలుపెట్టినప్పుడు

ఎర్ర బటన్ నొక్కి మూసేశాను. అయినా యాప్ ఇంకా నడుస్తూనే ఉందేంటి?

ఎర్ర బటన్ మూసేది విండోను మాత్రమే, యాప్‌ను కాదు. డాక్‌లో ఐకాన్ కింద చిన్న చుక్క ఉంటే ఆ యాప్ నడుస్తున్నట్టే. పూర్తిగా ఆపాలంటే కమాండ్ + క్యూ నొక్కాలి. కొన్ని చిన్న యాప్‌లు మాత్రం విండో మూస్తే వాటంతటవే ఆగిపోతాయి.

ఫైల్‌ను కట్ చేసి వేరే ఫోల్డర్‌లో పేస్ట్ చేయడం ఎలా? ఫైండర్‌లో కట్ పనిచేయట్లేదు.

మామూలుగా కమాండ్ + సి తో కాపీ చేయండి. చేరాల్సిన ఫోల్డర్‌కు వెళ్లి ఆప్షన్ + కమాండ్ + వి నొక్కండి. ఫైల్ అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేస్తుంది. ఎక్కడ పెట్టాలో మీరు చెప్పేదాకా ఫైల్ ఉన్నచోటే ఉంటుంది కాబట్టి, కట్ చేసి మరిచిపోయినా పోయేదేమీ లేదు.

ఆప్షన్ కీతో ఇంకో లాభం కూడా ఉంది. అది నొక్కి పట్టుకుని పై మెనూ బార్‌లో వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే సిగ్నల్ ఎంత ఉంది, ఏ ఛానెల్ మీద ఉంది లాంటి వివరాలు వస్తాయి. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఆప్షన్ నొక్కితే, ఆ ఫైల్ పూర్తి పాత్‌ను కాపీ చేసే ఆప్షన్ కనిపిస్తుంది.

ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఫైళ్లు తెరుచుకుంటున్నాయి కానీ, కొత్తవి కాపీ కావట్లేదు. డిస్క్ పాడైందా?

దాదాపు ఎప్పుడూ పాడైపోయి ఉండదు. డిస్క్ మీద క్లిక్ చేసి కమాండ్ + ఐ నొక్కి, ఫార్మాట్ అన్న వరుస చూడండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉంటే అది విండోస్ ఫార్మాట్. మ్యాక్ దాన్ని చదువుతుంది కానీ, అందులో రాయదు. రెండింటిలోనూ వాడే డిస్క్ అయితే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ పెట్టుకోండి. ఫార్మాట్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు వేరేచోటికి కాపీ చేసుకోవాలి. ఫ్యాట్32 మాత్రం ఎంచుకోకండి, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

దించుకున్న యాప్ తెరవబోతే, మాల్‌వేర్ లేదని నిర్ధారించలేకపోయాం అంటోంది. రైట్ క్లిక్ చేసి ఓపెన్ అన్నా కుదరట్లేదు.

ఆ పాత దారిని 2024లో వచ్చిన సెకోయాలో తీసేశారు. ఇప్పుడు ఒకసారి యాప్ తెరవడానికి ప్రయత్నించి, వచ్చిన మెసేజ్ మూసేయండి. తర్వాత సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి కిందిదాకా స్క్రోల్ చేస్తే, ఆ యాప్ పేరు, పక్కనే ఓపెన్ ఎనీవే బటన్ కనిపిస్తాయి. ఆ బటన్ సుమారు గంటసేపే ఉంటుంది. కనిపించకపోతే యాప్‌ను మళ్లీ ఒకసారి తెరవబోయి చూడండి.

యాప్ డ్యామేజ్ అయింది అని వస్తే సంగతి వేరు. డౌన్‌లోడ్ సగంలో చెడిపోయి ఉండొచ్చు, లేదా యాప్ డిజిటల్ సంతకం సరిపోలకపోయి ఉండొచ్చు. తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచి మళ్లీ దించుకోండి. ఆ హెచ్చరికను టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే యాప్) కమాండ్‌తో తీసేయమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. యాప్ ఎవరిదో మీకు కచ్చితంగా తెలిస్తే తప్ప ఆ పని చేయొద్దు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి ఈ లైన్‌ను టెర్మినల్‌లో పేస్ట్ చేయండి అని ఏ వెబ్‌పేజీ అడిగినా, అది మోసమే. వెంటనే ఆ పేజీ మూసేయండి.

## స్టోరేజ్, బ్యాకప్

ట్రాష్ కూడా ఖాళీ చేశాను. అయినా ఖాళీ స్థలం పెరగలేదెందుకు?

డిస్క్ యుటిలిటీ తెరిచి, డేటా అని ఉన్న వాల్యూమ్‌ను ఎంచుకుని, వ్యూ మెనూలో షో ఏపీఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్స్ నొక్కండి. కారణం సాధారణంగా అక్కడే దొరుకుతుంది. 2017 నుంచి మ్యాక్‌లు వాడుతున్న ఏపీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో, డిస్క్ ఒక క్షణంలో ఎలా ఉందో అలా గుర్తుపెట్టుకునే స్నాప్‌షాట్లు ఉంటాయి. మ్యాక్ సొంత బ్యాకప్ టూల్ అయిన టైమ్ మెషీన్ ఆన్‌లో ఉంటే సుమారు గంటకొకటి తీసి 24 గంటలు ఉంచుకుంటుంది. మీరు డిలీట్ చేసిన ఫైల్ ఆ స్నాప్‌షాట్‌లో ఉన్నంతసేపు దాని స్థలం విడుదల కాదు. మర్నాటికి అదే సర్దుకుంటుంది. అంతవరకు ఆగలేకపోతే అదే జాబితాలోంచి పాత స్నాప్‌షాట్లను తీసేయొచ్చు.

రెండో కారణం కూడా ఉంది. ఒకే డిస్క్‌లో ఫైల్‌ను డూప్లికేట్ చేసినప్పుడు ఏపీఎఫ్‌ఎస్ నిజంగా రెండోసారి రాయదు, రెండు పేర్లూ ఒకే డేటాను చూపిస్తాయి. అందుకే 10 జీబీ వీడియో కాపీ క్షణంలో పూర్తవుతుంది. అందులో ఒక కాపీని తీసేసినా స్థలం మాత్రం మిగలదు.

సిస్టమ్ డేటా అని చాలా పెద్ద భాగం చూపిస్తోంది. దాన్ని ఎలా తగ్గించాలి?

అది ఒక ఫోల్డర్ కాదు. ఫొటోలు, యాప్‌లు లాంటి ఏ లెక్కలోకీ రానివన్నీ కలిపి ఆ పేరుతో చూపిస్తారు. లోపల ఏముందో మీరే చూడొచ్చు. ఫైండర్‌లో గో మెనూ తెరిచి ఆప్షన్ నొక్కి పట్టుకుంటే లైబ్రరీ అని కనిపిస్తుంది. దాన్ని తెరిచి, లిస్ట్ వ్యూలో పెట్టి, కమాండ్ + జె నొక్కి, క్యాలిక్యులేట్ ఆల్ సైజెస్‌కు టిక్ పెట్టి, సైజు ప్రకారం వరుస పెట్టండి. కాసేపట్లో పెద్ద ఫోల్డర్లన్నీ పైకి వస్తాయి.

కాషెస్ ఫోల్డర్‌లోని వాటిని, ఆ యాప్‌లు మూసేశాక, తీసేస్తే ఇబ్బంది ఉండదు. అవసరమైతే యాప్‌లు మళ్లీ తయారుచేసుకుంటాయి. అప్లికేషన్ సపోర్ట్, కంటైనర్స్ ఫోల్డర్లలో మాత్రం చేత్తో ఏదీ తీయకండి, మీ అసలు డేటా ఉండేది అక్కడే. డెవలపర్లయితే రెండు చోట్లు ముందు చూడాలి. ఒకటి లైబ్రరీలో డెవలపర్, అందులో ఎక్స్‌కోడ్, అందులో డిరైవ్డ్‌డేటా. దాన్ని నిర్భయంగా తీసేయొచ్చు, తర్వాతి బిల్డ్ కాస్త నెమ్మదిస్తుందంతే. రెండోది డాకర్. దాని ఇమేజ్‌లన్నీ ఒకే పెద్ద డిస్క్ ఫైల్‌లో ఉంటాయి కాబట్టి దాన్ని ఫైండర్‌లో తీయకూడదు, డాకర్ సొంత ప్రూన్ కమాండ్‌తోనే తగ్గించాలి.

నా ఫైళ్లన్నీ ఐక్లౌడ్‌లో ఉన్నాయి కదా, ఇంకా బ్యాకప్ దేనికి?

ఐక్లౌడ్ చేసేది సింక్. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. తీసేసిన ఫైళ్లు 30 రోజులు దొరుకుతాయి, ఆ తర్వాత దొరకవు. ఒక ఫైల్‌లో సగం పేరాలు పొరపాటున చెరిగిపోయి ఆ సంగతి నాలుగు నెలలకు తెలిస్తే, మిమ్మల్ని కాపాడేది బ్యాకప్ ఒక్కటే.

టైమ్ మెషీన్ గడిచిన 24 గంటలకు గంటకొకటి, గడిచిన నెలకు రోజుకొకటి, అంతకు ముందు కాలానికి వారానికొకటి చొప్పున కాపీలు ఉంచి, డిస్క్ నిండాక పాతవి తీసేస్తుంది. మ్యాక్ స్టోరేజ్‌కు కనీసం రెండింతలున్న డిస్క్ తీసుకోండి. పెట్టేటప్పుడే ఎన్‌క్రిప్ట్ చేయండి. అంతా అయ్యాక ఏదో ఒక పాత ఫైల్‌ను బ్యాకప్‌ నుంచి తిరిగి తెచ్చి చూడండి. బ్యాకప్ పనిచేస్తోందని నమ్మకం కలిగేది అప్పుడే.

## నెమ్మదించినప్పుడు

ర్యామ్ దాదాపు మొత్తం వాడేసినట్టు చూపిస్తోంది. మెమరీ క్లీనర్ యాప్ పెట్టుకోనా?

వద్దు. మ్యాక్‌ఓఎస్ ఖాళీగా ఉన్న ర్యామ్‌ను ఊరికే వదలదు. ఇటీవల వాడిన ఫైళ్లను అందులో ఉంచుకుంటుంది, అవసరమైనప్పుడు తీసి యాప్‌కు ఇస్తుంది. 2013లో వచ్చిన మావరిక్స్ నుంచి, వాడని మెమరీని కుదించి పెట్టుకోవడం కూడా ఉంది. అందుకే వాడిన ర్యామ్ అంకె చూసి టెన్షన్ పడక్కర్లేదు. యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ట్యాబ్‌కు వెళ్లి, కింద ఉన్న మెమరీ ప్రెషర్ గ్రాఫ్ రంగు చూడండి. ఆకుపచ్చగా ఉంటే నెమ్మదికి కారణం ర్యామ్ కాదు. పసుపు ఎక్కువసేపు ఉంటున్నా, ఎరుపు కనిపించినా, పైన మెమరీ వరుస ప్రకారం ఎక్కువ తింటున్న యాప్‌ను మూయండి. చాలాసార్లు అది డజన్ల కొద్దీ ట్యాబ్‌లు తెరిచిన బ్రౌజరే.

ఫ్యాన్ హోరెత్తుతోంది. కెర్నెల్ టాస్క్ అనేదే సీపీయూ మొత్తం తింటోంది. దాన్ని ఎలా ఆపాలి?

దాన్ని ఆపలేరు, ఆపకూడదు కూడా. అది చేసే పనుల్లో మ్యాక్‌ను చల్లబరచడం ఒకటి. వేడి పెరిగినప్పుడు సీపీయూ మిగతా ప్రాసెస్‌లకు అందకుండా అడ్డుపడుతుంది. వేడి పుట్టించేది వేరే ఉంది, దాన్ని పట్టుకోవాలి. సీపీయూ వరుసలో దాని తర్వాత ఏముందో చూడండి. గాలి ఆడని పరుపు మీద పెట్టారా, ఎండ తగులుతోందా అన్నది కూడా చూసుకోండి.

ఎండీఎస్ స్టోర్స్, ఎండీవర్కర్ అన్న పేర్లు కనిపిస్తే, మ్యాక్‌లో వెతికిపెట్టే స్పాట్‌లైట్ ఇండెక్స్ కడుతోందని అర్థం. ఫోటో ఎనాలిసిస్ డీ అయితే ఫొటోల్లో ముఖాలను గుర్తుపడుతోంది. పెద్ద అప్‌డేట్ తర్వాత ఇవి గంటల తరబడి నడవడం మామూలే. ఛార్జర్ పెట్టి రాత్రంతా వదిలేస్తే చాలావరకు పూర్తవుతాయి.

ఫైల్ కళ్లెదుటే ఉంది, స్పాట్‌లైట్‌లో పేరు టైప్ చేస్తే రావట్లేదు.

ఇండెక్స్ మళ్లీ కట్టించాలి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్పాట్‌లైట్‌కు వెళ్లి, సెర్చ్ ప్రైవసీ నొక్కి, మీ డిస్క్‌ను ఆ జాబితాలో చేర్చండి. డన్ నొక్కాక మళ్లీ అక్కడికే వెళ్లి తీసేయండి. ఇండెక్స్ మొదటి నుంచి మొదలవుతుంది. అది పూర్తయ్యేదాకా వెతుకులాట ఫలితాలు సగం సగమే వస్తాయి.

బ్యాటరీ 80 శాతం దగ్గరే ఆగిపోతోంది. బ్యాటరీ చెడిపోయిందా?

లేదు. ఎక్కువసేపు ఛార్జర్‌లోనే ఉండే మ్యాక్‌లో బ్యాటరీ త్వరగా పాతబడకుండా, ఆప్టిమైజ్డ్ ఛార్జింగ్ దాన్ని అక్కడ ఆపుతుంది. బ్యాటరీ అసలు పరిస్థితి తెలియాలంటే ఆప్షన్ నొక్కి ఆపిల్ మెనూ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పవర్ చూడండి. అక్కడ సైకిల్ కౌంట్ ఉంటుంది. ఇటీవలి మ్యాక్‌బుక్‌లకు 1,000 సైకిళ్ల దాకా పరిమితి. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్.

## మొరాయించినప్పుడు

రంగుల చక్రం తిరుగుతూనే ఉంది, ఏదీ కదలట్లేదు. ఏం చేయాలి?

ఆప్షన్ + కమాండ్ + ఎస్కేప్ నొక్కండి. స్పందించని యాప్ పక్కన నాట్ రెస్పాండింగ్ అని ఉంటుంది, దాన్ని ఎంచుకుని ఫోర్స్ క్విట్ చేయండి. పెద్ద ఫైల్ సేవ్ అవుతున్నప్పుడు కూడా అలాగే కనిపిస్తుంది కాబట్టి, ముందు ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడండి. ఆ కీలు కూడా పనిచేయకపోతే పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి. సేవ్ చేయని పని పోతుంది.

మ్యాక్ ఆన్ అవుతోంది కానీ డెస్క్‌టాప్ దాకా రావట్లేదు. ఎస్‌ఎంసీ, ఎన్‌వీర్యామ్ రీసెట్ చేయమంటున్నారు.

ఎస్‌ఎంసీ పవర్, ఫ్యాన్ లాంటివి చూసే చిప్, ఎన్‌వీర్యామ్ కొన్ని సెట్టింగ్స్ దాచుకునే చిన్న మెమరీ. వాటిని రీసెట్ చేసే కీబోర్డ్ చిట్కాలు ఇంటెల్ మ్యాక్‌లవి. 2020 చివర్లో ఎం1తో మొదలైన ఆపిల్ సిలికాన్ (ఆపిల్ సొంత చిప్) మ్యాక్‌లలో అవి లేవు. మామూలుగా షట్‌డౌన్ చేసి ఆన్ చేయడమే వాటికి సరిపోతుంది.

ముందు సేఫ్ మోడ్ ప్రయత్నించండి. ఆపిల్ సిలికాన్ అయితే పూర్తిగా ఆఫ్ చేసి, స్టార్టప్ ఆప్షన్స్ వచ్చేదాకా పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. డిస్క్‌ను ఎంచుకుని, షిఫ్ట్ నొక్కి పట్టుకుని, కంటిన్యూ ఇన్ సేఫ్ మోడ్ నొక్కండి. ఇంటెల్ అయితే ఆన్ చేసిన వెంటనే షిఫ్ట్ పట్టుకుంటే చాలు. సేఫ్ మోడ్‌లో డెస్క్‌టాప్ వస్తే, మొదట్లోనే మొదలయ్యే ఏదో ఒక యాప్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. జనరల్‌లో లాగిన్ ఐటమ్స్‌కు వెళ్లి ఒక్కొక్కటే ఆపి చూడండి.

అప్పుడూ రాకపోతే అదే స్టార్టప్ స్క్రీన్‌లో ఆప్షన్స్ ఎంచుకుని రికవరీకి వెళ్లి, డిస్క్ యుటిలిటీలో ఫస్ట్ ఎయిడ్ నడపండి. చివరి దారి, అక్కడి నుంచే మ్యాక్‌ఓఎస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. డిస్క్‌ను ఎరేజ్ చేయనంతవరకు అది మీ ఫైళ్ల జోలికి వెళ్లదు. అయినా బ్యాకప్ లేకుండా దిగొద్దు.

మీటింగ్‌లో నా గొంతు వినిపించట్లేదు, స్క్రీన్ షేర్ కూడా కావట్లేదు.

ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో మైక్రోఫోన్, కెమెరా, స్క్రీన్ రికార్డింగ్ జాబితాలు ఒక్కొక్కటీ తెరిచి, మీ మీటింగ్ యాప్‌కు అనుమతి ఉందో లేదో చూడండి. అనుమతి ఇచ్చాక యాప్‌ను పూర్తిగా ఆపి మళ్లీ తెరవాలి. చాలామంది ఈ పని చేయక ఇంకా పనిచేయట్లేదనుకుంటారు. బ్రౌజర్‌లో మీటింగ్ అయితే అనుమతి కావాల్సింది బ్రౌజర్‌కు.

ఎక్స్‌టర్నల్ డిస్క్ వాడకంలో ఉంది అంటూ ఎజెక్ట్ కావట్లేదు.

టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌ఓఎఫ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఫైండర్ నుంచి ఆ డిస్క్ ఐకాన్‌ను టెర్మినల్ విండోలోకి లాగి ఎంటర్ నొక్కండి. దాన్ని ఏ ప్రోగ్రామ్ పట్టుకుని ఉందో పేరు వస్తుంది. జెడ్ షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) అని వస్తే, ఏదో ఒక టెర్మినల్ ట్యాబ్ ఆ డిస్క్‌లోని ఫోల్డర్‌లోనే ఉందన్నమాట. అక్కడ సీడీ అని కొట్టి బయటికి వస్తే చాలు.

## కోడ్ రాసేవాళ్లకు

మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్ చేశాక గిట్ ఎర్రర్ ఇస్తోంది. యాక్టివ్ డెవలపర్ పాత్ సరైంది కాదట.

అప్‌డేట్‌లో కమాండ్ లైన్ టూల్స్ పోయాయి. టెర్మినల్‌లో ఎక్స్‌కోడ్-సెలెక్ట్ --ఇన్‌స్టాల్ నడిపి, వచ్చిన విండోలో ఇన్‌స్టాల్ నొక్కండి. మొత్తం ఎక్స్‌కోడ్ అక్కర్లేదు.

హోమ్‌బ్రూ ఇన్‌స్టాల్ అయింది. బ్రూ అని కొడితే మాత్రం కమాండ్ నాట్ ఫౌండ్.

టెర్మినల్ నుంచి టూల్స్ ఇన్‌స్టాల్ చేసే హోమ్‌బ్రూ, ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లలో ఉండేది ఆప్ట్ కింద హోమ్‌బ్రూ ఫోల్డర్‌లో. ఇంటెల్‌లో అయితే యూజర్ లోకల్‌లో ఉండేది. అది మొదటి నుంచీ షెల్ వెతికే జాబితాలో ఉంది, కొత్త చోటు లేదు. ఇన్‌స్టాలర్ చివర్లో నెక్స్ట్ స్టెప్స్ అని కొన్ని లైన్లు చూపిస్తుంది. అవి అలాగే కాపీ చేసి నడిపితే హోమ్ ఫోల్డర్‌లోని డాట్ జెడ్‌ప్రొఫైల్ ఫైల్‌లో ఆ దారి చేరుతుంది. ఆ తర్వాత కొత్త టెర్మినల్ విండో తెరవండి.

5000 పోర్టు ఎవరో వాడేస్తున్నారు. ప్రాసెస్‌ను చంపితే మళ్లీ వస్తోంది.

ఫ్లాస్క్ (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్లను ఎక్కువగా వేధించేది ఇది. ఆ పోర్టు ఎవరి చేతిలో ఉందో ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో చూస్తే కంట్రోల్ సెంటర్ పేరు వస్తుంది. ఏదైనా వైరస్సేమో అని కంగారు పడక్కర్లేదు. 2021లో వచ్చిన మాంటెరీ నుంచి ఎయిర్‌ప్లే రిసీవర్ 5000, 7000 పోర్టుల మీద కూర్చుంటోంది. చంపినా సిస్టమ్ వెంటనే దాన్ని తిరిగి లేపుతుంది. జనరల్‌లో ఎయిర్‌డ్రాప్ అండ్ హ్యాండాఫ్‌కు వెళ్లి ఎయిర్‌ప్లే రిసీవర్ ఆపేయండి, లేదా మీ సర్వర్‌నే 5001కి మార్చుకోండి. టీమ్‌లో పదిమంది మ్యాక్‌లు వాడుతుంటే పోర్టు మార్చడమే మేలు, ప్రతి ఒక్కరికీ సెట్టింగ్ చెప్పే పని తప్పుతుంది.

నా మ్యాక్‌లో బాగా నడుస్తోంది. సర్వర్‌లో మాత్రం ఫైల్ దొరకలేదంటోంది.

ఫైల్ పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూడండి. మ్యాక్ డిస్క్ మామూలుగా ఆ తేడాను పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. ఫైల్ పేరు పెద్ద యు తో మొదలై, ఇంపోర్ట్‌లో చిన్న యు ఉన్నా ఇక్కడ నడిచిపోతుంది, అక్కడ ఆగిపోతుంది. ఫైండర్‌లో పేరు సరిచేస్తే గిట్‌కు ఆ మార్పు కనపడకపోవచ్చు, అందుకే గిట్ ఎంవీ కమాండ్‌తోనే మార్చండి. ఈ బాధ తరచుగా వస్తుంటే, డిస్క్ యుటిలిటీలో కేస్ సెన్సిటివ్ ఏపీఎఫ్‌ఎస్ వాల్యూమ్ ఒకటి చేర్చి ప్రాజెక్టులు అందులో పెట్టుకోండి. ఉన్న ఖాళీ స్థలాన్నే అది పంచుకుంటుంది కాబట్టి పార్టిషన్ కొలతలు వేసుకునే పని లేదు.

లినక్స్‌లో నడిచే షెల్ స్క్రిప్ట్ మ్యాక్‌లో ఎందుకు తప్పుతోంది?

మ్యాక్‌లో ఉన్నవి బీఎస్‌డీ రకం టూల్స్, లినక్స్‌లో ఉన్నవి గ్నూ రకం. ఎక్కువమంది తగులుకునేది ఫైళ్లలో టెక్స్ట్ మార్చే సెడ్ కమాండ్ దగ్గర. ఫైల్‌లోనే మార్పు చేసే డాష్ ఐ తర్వాత మ్యాక్ సెడ్ ఒక బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ అడుగుతుంది, వద్దనుకుంటే ఖాళీ కోట్స్ ఇవ్వాలి. బాష్ అనే షెల్ సంగతి కూడా అంతే. లైసెన్స్ మారాక ఆపిల్ కొత్త వెర్షన్లు తీసుకోలేదు, మ్యాక్‌తో వచ్చేది ఇప్పటికీ 3.2. 2019లో కాటలీనా నుంచి జెడ్ షెల్‌ను డీఫాల్ట్ చేశారు. కొత్త బాష్, గ్నూ సెడ్ రెండూ హోమ్‌బ్రూలో దొరుకుతాయి.

నోట్‌లో దాచుకున్న కమాండ్ పేస్ట్ చేస్తే డీకోట్ అని చూపించి ఆగిపోతోంది.

తెరిచిన కోట్ మార్కు మూసుకోలేదని షెల్ చెబుతోంది. కంట్రోల్ + సి కొట్టి బయటపడండి. టెక్స్ట్‌ఎడిట్, నోట్స్ లాంటివి నిలువు కోట్స్‌ను వంపు కోట్స్‌గా, రెండు డాష్‌లను ఒక పొడుగు డాష్‌గా మార్చేస్తాయి. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ సోర్సెస్ పక్కన ఎడిట్ నొక్కి, స్మార్ట్ కోట్స్ అండ్ డాషెస్ ఆపేయండి.

ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను డెస్క్‌టాప్ మీద పెట్టుకోవచ్చా?

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఐక్లౌడ్‌తో సింక్ అవుతుంటే వద్దు. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోని వేలాది చిన్న ఫైళ్లు సింక్ అవుతూనే ఉంటాయి. స్థలం తక్కువైతే కొన్ని ఫైళ్లను మ్యాక్ క్లౌడ్‌కు పంపేస్తుంది, బిల్డ్ మధ్యలో వాటికోసం ఆగాల్సి వస్తుంది. హోమ్ ఫోల్డర్‌లో విడిగా ఒక కోడ్ ఫోల్డర్ పెట్టుకోండి.

నా దగ్గరున్నది ఇంటెల్ మ్యాక్. ఇంకా ఎన్నాళ్లు వాడొచ్చు?

2025లో వచ్చిన టాహో, అంటే మ్యాక్‌ఓఎస్ 26, ఇంటెల్ మ్యాక్‌లకు చివరి వెర్షన్ అని ఆపిల్ ప్రకటించింది. అది కూడా కొన్ని ఇంటెల్ మోడళ్లకే. మ్యాక్ ఆగిపోదు కానీ, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిన రోజు నుంచి బ్యాంకింగ్ లాంటి పనులకు దాన్ని వాడొద్దని నా సలహా.

## అమ్మే ముందు

మ్యాక్ వేరేవాళ్లకు ఇచ్చేస్తున్నాను. డేటా పూర్తిగా పోవాలంటే ఏం చేయాలి?

ఆపిల్ సిలికాన్ లేదా టీ2 చిప్ (కొన్ని ఇంటెల్ మ్యాక్‌లలోని ఆపిల్ సెక్యూరిటీ చిప్) ఉన్న మ్యాక్‌లో, మాంటెరీ గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ ఉంటే పని తేలిక. బ్యాకప్ తీసుకుని, జనరల్‌లో ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్‌కు వెళ్లి, ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్ నొక్కండి. ఈ మ్యాక్‌లలో డిస్క్ ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. చెరిపేటప్పుడు ఆ తాళంచెవిని నాశనం చేస్తుంది కాబట్టి నిమిషాల్లో పూర్తవుతుంది, తర్వాత ఆ డేటాను ఎవరూ చదవలేరు.

మధ్యలో ఆపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది ఇవ్వాల్సిందే. ఫైండ్ మై, యాక్టివేషన్ లాక్ తొలగేది అప్పుడే. అవి తొలగకపోతే కొన్నవాళ్లు మ్యాక్‌ను మొదలుపెట్టలేక మీకే ఫోన్ చేస్తారు. ఇచ్చేశాక గుర్తొస్తే, ఐక్లౌడ్ సైట్‌లో లాగిన్ అయి ఫైండ్ డివైసెస్‌లో ఆ మ్యాక్‌ను మీ అకౌంట్ నుంచి తీసేయొచ్చు.